రీకాల్ ప్రకటనలు: చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి?

కుమ్మరి వద్ద కొన్న కుండ కారితే దానిని తిరిగి పట్టుకొని పోయి మరొకటి తెచ్చుకొంటాం. ఆ కుండ కారినంత మాత్రాన ఊళ్ళోని కుండలన్నీ కారుతవని ఎవరూ అనుకోరు. చేతిపనిలో ఏ వస్తువు లోపం ఆ వస్తువుదే. యంత్రాలతో వేలకొద్దీ వస్తువులను ఒకే అచ్చులో తయారుచేసే పరిశ్రమలో పరిస్థితి అట్లా ఉండదు. ఒకదానిలో బయటపడిన లోపం దానితోపాటు ఆ వారంలో, ఆ యంత్రంపై, ఆ ముడిసరుకుతో తయారైన వందల వస్తువులలో దాగి ఉండవచ్చు. ఇంకా చెడని వస్తువులను సైతం తయారీదారు వెనక్కి పిలవటం అందుకే. వాహనాల విషయంలో దీనికి అందరూ వాడే పేరు రీకాల్.

రీకాల్ అనేది వ్యాపార మర్యాద మాత్రమే కాదు. కొన్నిటిని చూచి అన్నిటిని గూర్చి చేసే శాస్త్రీయమైన అనుమానం అది. మేము ఇన్ని వాహనాలను పరీక్షించాం, వాటిలో ఫలానా లోపం కనిపించింది, దాని కారణం ఇది, ఆ కారణం ఫలానా తేదీల మధ్య తయారైన వాహనాలన్నిటికీ వర్తిస్తుంది, కాబట్టి వాటిని తీసికొని రండి - ఈ వరుసలో చెప్పగలిగినప్పుడే అది పూర్తి ప్రకటన. ప్రయోగశాలలో మన విద్యార్థులు వ్రాసే రికార్డులో పరిశీలన, కారణం, నిర్ధారణ వేర్వేరుగా ఉండాలని పట్టుబడతాం గదా! అదే కొలతతో మన వాహన సంస్థల ప్రకటనలను కొలవటం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు మన సంగారెడ్డి జిల్లాతో సంబంధం ఉన్న ఉదాహరణనే తీసికొందాం.

పటాన్‌చెరు దాటి బొంబాయి మార్గంలో పోతే సంగారెడ్డికి ముందు కంది వస్తుంది. హైదరాబాదు ఐ.ఐ.టి. ఉన్నది అక్కడే. ప్యూర్ ఈవీ అనే విద్యుత్ స్కూటర్ల సంస్థ ఆ విద్యాసంస్థ నీడలోనే మొలకెత్తి పెరిగింది. పరిశోధనశాలలో పుట్టిన జ్ఞానం బజారులో సరుకుగా మారటం మన ప్రాంతానికి గర్వకారణమే. ఆ కారణం చేతనే ఈ సంస్థ ప్రకటన నుండి మామూలు వ్యాపారి ప్రకటనకన్నా ఎక్కువ ఆశించే హక్కు మనకున్నది.

2022 వసంతకాలంలో దేశంలో పలుచోట్ల విద్యుత్ స్కూటర్లు తగులబడినవి. మార్చి చివరలో తమిళనాడులోని వెల్లూరులో ఒక తండ్రి, ఆయన కూతురు పొగకు ఊపిరాడక మరణించారు. అదే నెలలో మద్రాసు నగరంలో ప్యూర్ ఈవీ స్కూటరు ఒకటి దగ్ధమైనది. ఏప్రిల్ మూడవ వారంలో నిజామాబాదులో అదే సంస్థ స్కూటరు బ్యాటరీని విప్పి ఇంట్లో చార్జింగుకు పెట్టి కుటుంబం నిద్రించగా, రాత్రివేళ అది పేలి 80 ఏళ్ళ వృద్ధుడు చనిపోయాడు. కుటుంబంలో మరికొందరు గాయపడ్డారు. కొద్ది రోజులకే విజయవాడలో, వేరొక సంస్థ బ్యాటరీతో, ఇంచుమించు ఇదే విధంగా మరొక ప్రాణం పోయినది. ఈ ఘటనలలో చనిపోయినవారు ప్రయాణంలో ఉన్నవారు కారు, ఇంట్లో ఉన్నవారు. రోడ్డు ప్రమాదానికి మనం శిరస్త్రాణం ధరిస్తాం, వేగం తగ్గిస్తాం. మంచం పక్కన చార్జింగుకు పెట్టిన పెట్టె విషయంలో వినియోగదారు చేయగలిగింది బహు స్వల్పం. తయారీదారు చెప్పినదే అతనికి ఆధారం.

ఆ ఏప్రిల్ నెలలోనే మూడు రీకాల్ ప్రకటనలు వెలువడినవి. ఓకినావా సంస్థ ప్రెయిజ్ ప్రో నమూనా స్కూటర్లు 3,215, ప్యూర్ ఈవీ సంస్థ ఈట్రాన్స్ ప్లస్, ఈప్లూటో 7జి నమూనాలు 2,000, ఓలా సంస్థ 1,441 వెనక్కి పిలిచినవి. ఈ ప్రకటనలను చదివేముందు బ్యాటరీ ఎందుకు తగులబడుతుందో కొంచెం వివరంగా తెలిసికోవలె. లేనిచో వాటిలోని మాటల బరువు తెలియదు.

స్కూటరు బ్యాటరీ అనగా ఒకే వస్తువు కాదు. బొటనవేలంత లావున్న చిన్న లిథియం అయాన్ ఘటాలు వందలకొద్దీ కలిపి కట్టిన కట్ట అది. ఒక్కొక్క ఘటంలో దాదాపు 10 వాట్-గంటల శక్తి ఉంటుంది. రెండున్నర కిలోవాట్-గంటల బ్యాటరీకి సుమారు 250 ఘటాలు కావలె. ఆ శక్తిని జౌళ్ళలోనికి మారిస్తే 90 లక్షలు. ముప్ఫై లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరిగే దాకా కాచటానికి సరిపోయే శక్తి అది. ఇంత శక్తిని మనం రాత్రి పూట మంచం కిందనో గుమ్మం పక్కనో నింపుకొంటున్నాం.

ప్రతి ఘటంలోను ధనధ్రువం, రుణధ్రువం అనే రెండు రేకులు చుట్ట చుట్టి ఉంటవి. అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో పాలిథిలీన్ వంటి పదార్థపు పలుచని పొర ఉంటుంది. ఆ పొర మందం సుమారు 20 మైక్రానులు, అనగా మన తలవెంట్రుకలో మూడవవంతో నాలుగవవంతో. ఈ మూడింటినీ తడుపుతూ లిథియం లవణం కరిగించిన ద్రవం ఉంటుంది. ఆ ద్రవం నీరు కాదు. మంటకు అంటుకొనే కర్బన ద్రావణి. ఏ కారణం చేతనైనా ఆ పలుచని పొరకు చిల్లి పడితే ధ్రువాలు రెండూ కలుస్తవి. అప్పుడు ప్రవహించే విద్యుత్తు ఆ చిన్న చోటనే వేడిగా మారుతుంది. సుమారు 80 నుండి 120 డిగ్రీల మధ్య రుణధ్రువంపైనున్న రక్షకపొర విచ్ఛిన్నమై మరికొంత వేడినిస్తుంది. 130 డిగ్రీల దగ్గర మధ్యపొర కరుగుతుంది. దాదాపు 200 డిగ్రీలకు, నికెలు, కోబాల్టు ఉన్న కొన్ని రకాల ధనధ్రువాలు తమలోని ఆక్సిజనును విడుదల చేస్తవి. మండే ద్రవం ఉన్నది, వేడి ఉన్నది, ఆక్సిజను సైతం లోపలనే పుట్టింది. అందుకే గోనె కప్పితే, ఇసుక పోస్తే ఈ మంట మామూలు మంట వలె ఆరదు.

పాశమైలారం, బొల్లారం ప్రాంతాల ఔషధ కర్మాగారాలలో పనిచేసేవారికి ఈ సంగతి ఒక్కమాటలో చెప్పవచ్చు. రియాక్టరులో చర్య వలన పుట్టే వేడిని చుట్టూ ఉన్న చల్లని నీటి తొడుగు తీసివేస్తూ ఉంటుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ చర్యావేగం రెట్టింపులు రెట్టింపులుగా పెరుగుతుంది. నీరు తీసివేసే వేడి మాత్రం ఉష్ణోగ్రతాభేదానికి అనుపాతంగానే పెరుగుతుంది. ఒక హద్దు దాటిన తరువాత మొదటిది రెండవదానిని ఎప్పటికీ అందనివ్వదు. 1956లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకొన్న రష్యన్ శాస్త్రజ్ఞుడు సెమియోనవ్ ఈ సూత్రాన్ని గణితరూపంలో చెప్పాడు. బ్యాటరీలో రియాక్టరుకున్నట్టు నీటి తొడుగు లేదు, వాల్వు దగ్గర నిలబడి చూచే ఆపరేటరు లేడు. ఆ ఆపరేటరు పని చేయవలసినది బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ అనే చిన్న ఎలక్ట్రానిక్ పలక. ఒక ఘటం తగులబడితే దాని వేడి పక్కదానికి, అక్కడినుండి ఆ పక్కదానికి పాకుతుంది. దీపావళినాటి సీమటపాకాయల దండ వరుసగా పేలిన ట్లు అన్నమాట.

ఇప్పుడు ప్రకటనలు చూద్దాం. ఓకినావా సంస్థ, బ్యాటరీలలో వదులైన కనెక్టర్లు గాని వేరే దెబ్బలు గాని ఉన్నవేమో చూచి ఉచితంగా బాగుచేస్తామన్నది. ఓలా సంస్థ, ఒక బ్యాచిలోని వాహనాలను ముందుజాగ్రత్తగా పరీక్షిస్తామని, తమ బ్యాటరీలు అప్పటికే భారతీయ, ఐరోపా ప్రమాణాలకు లోబడినవని చెప్పింది. ప్యూర్ ఈవీ సంస్థ నిజామాబాదు, మద్రాసు ఘటనలను పేర్కొని, సంబంధిత బ్యాచీల వాహనాల బ్యాటరీలలో అసమతుల్యత ఉన్నదేమో చూచి తమ పరికరంతో సరిచేస్తామని, నిర్వహణ వ్యవస్థను, చార్జరును కూడ పరిశీలిస్తామని తెలిపింది.

న్యాయంగా చెప్పాలంటే మూడింటిలో కొంచెం శాస్త్రం ఉన్నది ప్యూర్ ఈవీ ప్రకటనలోనే. జరిగిన ఘటనలను ఊరిపేర్లతో సహా ఒప్పుకొన్నది. అసమతుల్యత అనే మాట వాడింది. అది అర్థవంతమైన మాటే. వరుసగా పెట్టిన కుండలన్నిటిలోను ఒకే కొలత ప్రకారం నీరు పోస్తూ పోయామనుకోండి. చిన్న కుండ ముందుగా పొంగుతుంది. శ్రేణిలో కలిపిన ఘటాల గతి కూడ అంతే. అన్నిటిగుండా ఒకే విద్యుత్ప్రవాహం పోతుంది గనుక బలహీనమైన ఘటం ముందుగా నిండి, 4.2 వోల్టుల హద్దు దాటి ఇంకా నింపబడుతుంది. అప్పుడు లిథియం లోహరూపంలో రుణధ్రువంపై పేరుకొని సూదుల వలె పెరుగుతుంది. పొరను పొడిచేది ఆ సూదులే.

ఐతే ఘటాలు అసమతుల్యం కావటం లక్షణమా, వ్యాధి కారణమా? జ్వరమున్నదని చెప్పటం వేరు, మలేరియా అని చెప్పటం వేరు. ఘటాలను ఏరి కూర్చేటప్పుడు వాటి సామర్థ్యాలు సరిచూడలేదా? కొన్ని ఘటాలు తయారీలోనే లోపంతో వచ్చినవా? వోల్టేజి హద్దు దాటినప్పుడు చార్జింగు నిలిపివేయవలసిన పలక ఎందుకు ఊరుకున్నది? వేసవి వేడికి ఘటాలు ముదిరినవా? వీటిలో ఏది నిజమైతే దానికి తగిన చికిత్స వేరు. ఘటంలో లోహపు నలుసు ఉన్నదనుకొంటే, ఇవ్వాళ సమతుల్యం చేసి పంపిన బ్యాటరీ ఆరునెలల తరువాత అదే మంచం పక్కన తగులబడవచ్చు. కారణం తేలకముందే చికిత్స ప్రకటించటం ఈ మూడు ప్రకటనల ఉమ్మడి దోషం. ఇంకొక లోపం దీనికన్న పెద్దదని నా అభిప్రాయం: బండి వర్క్‌షాపుకు చేరేలోపల ఏమి చేయాలి? చార్జింగు పెట్టవచ్చునా, కూడదా? ఇంట్లో పెట్టవచ్చునా? నిజామాబాదు ఘటన తరువాత ప్రతి ఇల్లాలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ప్రకటనలో మొదటి వాక్యం దానికి జవాబు కావలసింది.

ఇది అత్యాశ అని కొందరనవచ్చు. కాదనటానికి పై దేశాలలోని కుటుంబ వాహనాల ఉదాహరణలున్నవి. పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు రెండూ ఉండి, గోడ ప్లగ్గు నుండి కూడ చార్జింగు చేసుకొనే పెద్ద హైబ్రిడ్ కార్లు కొన్ని ఇదే జబ్బుతో వెనక్కి పిలవబడినవి. 2013 మార్చిలో జపానులో మిత్సుబిషి సంస్థ అవుట్‌లాండర్ హైబ్రిడ్ బ్యాటరీ ఒకటి అమ్మకందారు వద్ద వేడెక్కి కరిగింది. సంస్థ ఉత్పత్తిని ఆపివేసి పరిశోధించి, కారణం ప్రకటించింది. ఆ కారణం వింటే ఆశ్చర్యం కలుగుతుంది. లోపమున్న ఘటాలను ఏరివేయటానికి కర్మాగారంలో చేసే పరీక్షలోనే ఘటాలకు మితిమించిన దెబ్బ తగిలి, లోపల షార్టు ఏర్పడే స్థితి కలిగినదట! రోగిని పరీక్షించే సూదే రోగం అంటించినట్లయినది. ఇట్టి విషయం ఒప్పుకొనటం ఏ సంస్థకైనా సిగ్గుచేటే. కాని అది చెప్పిన తరువాత ప్రపంచంలోని ఘటాల తయారీదారులందరూ తమ పరీక్షలను తిరిగి చూచుకొనే అవకాశం కలిగింది.

2020లో ఐరోపాలో ఫోర్డ్ సంస్థ కూగా అనే ప్లగ్గు హైబ్రిడ్ కార్లు సుమారు 20 వేలు వెనక్కి పిలిచింది. అక్కడ మొదటిరోజునే యజమానులకు ఇచ్చిన ఆదేశం స్పష్టమైనది: బండి నడుపుకోండి, కాని చార్జింగు పెట్టవద్దు. కొన్నాళ్ళకు, ఘటాలు తయారుచేసేచోట మాలిన్యం చేరటమే కారణమని తేల్చి, బ్యాటరీ కట్టలనే మార్చటానికి పూనుకొన్నది. 2021లో హ్యుందాయ్ కోనా విద్యుత్ కార్ల విషయంలో దక్షిణ కొరియా ప్రభుత్వమే, ఘటంలోపల రుణధ్రువపు చెవి మడతపడటాన్ని అనుమానిత కారణంగా వెల్లడించింది. ఆ నమూనా కార్లు మనదేశంలో 456 వెనక్కి పిలవబడినవి 2020 చివరలో.

మన దేశంలోనే వేరొక రకం లోపాల విషయంలో ప్రకటనలు ఇంతకన్న నయం. 2023 జనవరిలో మారుతీ సంస్థ గ్రాండ్ విటారా కార్లు 11,177 వెనక్కి పిలిచింది. దాని జంట వాహనమైన హైరైడర్‌ను టయోటా 4,026 పిలిచింది. రెండూ హైబ్రిడ్ రకం కూడ ఉన్న కుటుంబ వాహనాలే. లోపం వెనుక సీటు బెల్టును పట్టి ఉంచే బిగింపు పట్టీలో ఉన్నదని, అది కాలక్రమాన వదులు కావచ్చునని, 2022 ఆగస్టు 8 నుండి నవంబరు 15 వరకు తయారైన కార్లకు ఇది వర్తిస్తుందని మారుతీ చెప్పింది. అదే నెలలో గాలిసంచి నియంత్రణ పరికరం లోపానికి 17,362 వాహనాలను పిలిచినప్పుడు, ఆ భాగం మార్చేదాకా బండి నడపవద్దని సలహా ఇచ్చింది. లోపమున్న భాగం పేరు, దాని పర్యవసానం, తేదీలు, అప్పటిదాకా చేయవలసినది - నాలుగూ ఉన్నవి. ఇనుప పట్టీకి చెప్పగలిగిన నాలుగు మాటలు బ్యాటరీకి ఎందుకు చెప్పలేకపోయాం?

దీనికి ఒక సమాధానం లేకపోలేదు. ఇనుప పట్టీ విరిగితే విరిగిన ముక్క చేతికి వస్తుంది. తగులబడిన బ్యాటరీ తన సాక్ష్యాన్ని తానే కాల్చివేస్తుంది. పైగా చిన్న సంస్థలు ఘటాలను దిగుమతి చేసుకొని కూర్చుతవే కాని స్వయంగా తయారుచేయవు. ఘటం లోపలి చరిత్ర వారికి కూడ తెలియదు. ఈ ఇబ్బంది నిజమైనదే. కాని అప్పుడు వ్రాయవలసినది, కారణం ఇంకా తేలలేదు, తేలేదాకా చార్జింగు ఆరుబయట పెట్టండి అని. తెలియనిదానిని తెలియదని వ్రాయటం శాస్త్రంలో లోపం కాదు.

ఇక చట్టం సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఎ అనే సెక్షను చేర్చారు. దాని కింద 2021 ఏప్రిల్ 1 నుండి నియమాలు అమలులోనికి వచ్చినవి. లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని కేంద్రప్రభుత్వం ఆదేశించవచ్చు. 10 లక్షల నుండి కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నది. అంతవరకు బాగున్నది. కాని ఫిర్యాదుల లెక్క చూడండి. ఏడాదికి 500 లోపు అమ్ముడుపోయే కార్లలో 20 శాతం గాని 100 గాని ఫిర్యాదులు రావలె. 10 వేల దాకా అమ్మితే 1,050, అంతకు మించితే 1,250 ఫిర్యాదులు. ద్విచక్ర వాహనాలకు పట్టిక వేరైనా లెక్కపెట్టే పద్ధతి ఒకటే.

ఈ పద్ధతి ఎట్టి లోపానికి పనికివస్తుందో, ఎట్టిదానికి పనికిరాదో విద్యార్థులే లెక్కవేసి చూడవచ్చు. తలుపు గడియ సరిగా పడకపోవటం వంటి లోపం పదిమందిలో ఇద్దరికి కనిపిస్తుంది. ఫిర్యాదులు గుట్టలుగా వస్తవి. బ్యాటరీ మంట అట్టిది కాదు. 2,000 స్కూటర్లు, ఒక్కొక్కదానిలో 250 ఘటాలు అనుకొందాం. మొత్తం ఘటాలు 5 లక్షలు. లక్షకొక ఘటం లోపంతో ఉన్నదని ఉదాహరణకు అనుకొంటే, ప్రమాదకరమైన స్కూటర్లు ఐదు. మిగతా 1,995 స్కూటర్ల యజమానులకు ఏ ఫిర్యాదూ ఉండదు. పైపెచ్చు బండి చాలా బాగున్నదంటారు. ఆ ఐదుగురు సైతం ఫిర్యాదు చేసేది మంట వచ్చిన తరువాతే. చట్టం పరీక్షా సంస్థల నివేదికల పైన, ఇతర ఆధారాల పైన కూడ ఆదేశించే అధికారం ఇచ్చింది నిజమే. కాబట్టి ఆ రెండవ ద్వారమే ఇక్కడ రాజమార్గం కావలె. లోపం ఎంత అరుదో దానితోపాటు దాని ఫలితం ఎంత ఘోరమో కూడ లెక్కలో చేరాలి. అరుదుదనాన్ని ఘోరత్వంతో గుణించటం మనకు కొత్త గణితం కాదు. బీమా వ్యాపారులు శతాబ్దాలుగా చేస్తున్న పనే.

ప్రకటన ఎవరికి చేరుతుందన్నది మరొక చిక్కు. నిజామాబాదు ఘటన తరువాత, ఆ వినియోగదారుకు వాహనం అమ్మినట్లు గాని, దానికి సర్వీసింగు చేసినట్లు గాని తమ లెక్కలలో లేదని, చేతులు మారి కొన్నదేమో చూస్తున్నామని సంస్థ ప్రకటించినట్లు అప్పటి పత్రికలలో వచ్చింది. సంస్థ తనను సమర్థించుకొనటానికి చెప్పిన మాట ఇది. కాని రీకాల్ పద్ధతిని గూర్చి ఇంతకన్న గట్టి విమర్శ లేదు. చేతులు మారిన బండిని రీకాల్ ఉత్తరం వెతుక్కోలేదు. మన గ్రామాలలో, పారిశ్రామిక వాడలలో రెండవచేతి బళ్ళ వాడకం ఎంతటిదో పాఠకులకు చెప్పనక్కరలేదు. పటాన్‌చెరులో రెండవ షిఫ్టు ముగిసి వచ్చే కార్మికుడు స్నేహితుని దగ్గర కొన్న స్కూటరును చార్జింగు పెట్టి పడుకొంటాడు; అతని పేరు ఏ పట్టికలోను ఉండదు. పైగా 250 వాట్లకు, గంటకు 25 కిలోమీటర్లకు లోబడిన విద్యుత్ బళ్ళకు రిజిస్ట్రేషనే అవసరం లేదు. నంబరు లేని బండిని నంబరు ద్వారా వెతకటం ఎట్లా?

ఇన్ని లోపాలు చూపిన తరువాత, బాగుపడిన సంగతి కూడ చెప్పవలె. 2022 ఘటనలపై కేంద్ర రవాణా శాఖ ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షులు హైదరాబాదులోని ఎ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రపు అప్పటి డైరెక్టరు టాటా నరసింగరావు. సభ్యులలో డి.ఆర్.డి.ఓ., బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల శాస్త్రజ్ఞులున్నారు. వారి సిఫారసుల మీద బ్యాటరీల భద్రతా ప్రమాణం ఎ.ఐ.ఎస్. 156ను ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలలలో సవరించారు. నేను చదివిన సాంకేతిక పత్రాలలో ఇది మెచ్చుకోదగినది. ఒక ఘటం తగులబడితే ఆ మంట పక్కవాటికి పాకి బ్యాటరీ అంతా అంటుకొంటుందేమో పరీక్షించి చూడవలెనన్నది. లోపల పుట్టిన వాయువు పోవటానికి దారి ఉండవలె; ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు కనీసం నాలుగు ఉండవలె; వేడి మితిమీరితే శబ్దంతో, వెలుగుతో హెచ్చరిక రావలె; ఏ ఘటం ఎప్పుడు తయారైనదో వెనక్కి వెతికి పట్టుకొనే వీలుండవలె. చివరిదే అన్నిటికన్న ముఖ్యమని నా ఊహ. ఘటం పుట్టిన తేదీ తెలిస్తేనే రేపటి రీకాల్ ప్రకటనలో "సంబంధిత బ్యాచీలు" అనే పొగమంచు మాట బదులు తేదీలు వస్తవి.

ఈ ప్రమాణం అక్టోబరు 1 నుండి అమలు కావలసినది. పరిశ్రమకు వ్యవధి కావాలని రెండు దశలుగా డిసెంబరు 1కి, 2023 మార్చి 31కి జరిపారు. ప్రమాణం వ్రాసిన నెలలోనే, సెప్టెంబరు 12 రాత్రి, సికిందరాబాదులో కింది అంతస్తున విద్యుత్ స్కూటర్ల షోరూము ఉన్న భవనంలో మంటలు లేచి పై అంతస్తుల హోటలులో 8 మంది చనిపోయారు.

ఉపాధ్యాయులకు ఒక సూచన. జౌల్ నియమం చెప్పే రోజున ఏదైనా ఒక రీకాల్ ప్రకటనను తరగతిలో చదివించండి. ఏ భాగం, ఏ లోపం, ఏ కారణం, ఏ తేదీలు, అంతవరకు ఏమి చేయాలి అన్నవాటిని విద్యార్థులచేత వెదికించండి. దొరకని వాటిని సంస్థకు తెలుగులో ఉత్తరం వ్రాసి అడగమనండి. ఉత్తరం వ్రాసే విద్యార్థి ఇంట్లో అట్టి బండి ఉండవచ్చు. కందిలో స్వయంచోదిత వాహనాలను పరీక్షించటానికి టిహాన్ పేరుతో ఐ.ఐ.టి. వారు ఏర్పరచిన మార్గం ఉన్నది. పాత బ్యాటరీలను పరీక్షించి, ఇది ఇంట్లో పెట్టదగినదా కాదా అని చెప్పే చిన్న కేంద్రం ఒకటి ఈ పారిశ్రామిక ప్రాంతంలో ఉంటే అంతకన్న ఎక్కువమంది దాని గడప తొక్కుతారు.

కొత్త ప్రమాణం కొత్త బళ్ళకే. అంతకు ముందు అమ్ముడైనవి ఇంకా మన వీథులలో తిరుగుతున్నవి, చేతులు మారుతున్నవి, ఘటాలు ముదురుతున్నవి. రీకాల్ నియమాలు ఏడేళ్ళ లోపు వయసున్న వాహనాలకే వర్తిస్తవి. 2021లో కొన్న స్కూటరుకు ఆ గడువు 2028తో తీరిపోతుంది.